ఆ ఫొటో ఏ నెలలో తీసింది?

సంపాదకులకు,

గత ఆదివారం మీ పత్రికలో హైదరాబాద్ శివారు చెరువు మీద వచ్చిన కథనం చదివాను. పక్కనే ‘అప్పుడు’, ‘ఇప్పుడు’ అంటూ రెండు ఉపగ్రహ చిత్రాలు వేశారు. మొదటి దాంట్లో కట్ట దాకా నీళ్లు. రెండో దాంట్లో ఎండిన నేల, అంచున ఇళ్లు. కథనంతో నాకు పేచీ లేదు. కానీ చిత్రాల కింద సంవత్సరాలు వేశారు గానీ నెల వేయలేదు. సర్వే శాఖలో 33 ఏళ్లు గొలుసు పట్టుకుని తిరిగినవాణ్ణి, నా కళ్లు ముందు అక్కడికే పోయాయి. మొదటిది అక్టోబరులో, రెండోది మే నెలలో తీసిందైతే, ఒక్క గజం కబ్జా కాని చెరువు కూడా మాయమైపోయినట్టే కనిపిస్తుంది.

ఈ ముసలాయనకు ఇంత పట్టింపు ఎందుకని మీరనుకోవచ్చు. రెండేళ్ల కింద మా చిన్నల్లుడు మేడ్చల్ వైపు 200 గజాల ప్లాటు చూసుకుని, అడ్వాన్స్ ఇచ్చే ముందు నన్నోసారి రమ్మన్నాడు. పక్కన చెరువు ఉన్నట్టుంది కదా అని అడిగితే ఏజెంటు ఫోన్‌లో మ్యాప్ తీసి వేళ్లతో పెద్దది చేశాడు. “సాటిలైట్లనే చూడుండ్రి సార్, నీళ్లు ఏడున్నయి? మొత్తం పొడి జాగనే గదా” అన్నాడు. ఫోన్‌లో చూస్తే అతను చెప్పినట్టే ఉంది. నేను కిందికి చూశాను. పగిలిన నల్లమట్టి, పగుళ్లలో తెల్లగా ఎండిన నత్తగుల్లలు. చుట్టూ ఉన్న తుమ్మచెట్ల మొదళ్ల మీద మోకాలెత్తున బురద గీత. చెట్టు చెట్టుకూ అదే ఎత్తు, లెవెల్ మిషన్ పెట్టి గీసినట్టు. ఆ గీత నీళ్లు తప్ప ఎవరూ గీయలేరు.

ఇంటికొచ్చి మనవరాలిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. అదే జాగా గూగుల్ ఎర్త్‌లో తెరిస్తే అడుగున తేదీ కనిపించింది: ఏప్రిల్. తర్వాత యూరప్ వాళ్ల సెంటినెల్‌-2 చిత్రాలు తీయమన్నాను. అవి ఉచితం, ఒకే చోటిది అయిదు రోజులకొకటి వస్తుంది. 2020 నవంబరుది చూశాం. ఆ ఏడు అక్టోబరు వానలు ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. ప్లాటు ఉండాల్సిన చోట నల్లటి మరక. “తాతా, బాబాయ్ ఈత కొట్టుకుంటూ ఇంట్లోకి పోవాలా?” అంది పిల్ల.

ఏజెంటు అబద్ధం ఆడాడని నేననను. అసలు తిరకాసు మబ్బులది. కెమెరా ఉపగ్రహం మబ్బుల్ని దాటి చూడలేదు. అందుకని మ్యాపుల వాళ్లు తేటగా ఉన్న చిత్రాలే ఏరుకుని అతికిస్తారు, అవి ఎక్కువగా చలికాలం నుంచి ఎండాకాలం దాకా తీసినవే దొరుకుతాయి. మన చెరువులకు నీళ్లొచ్చేదేమో మబ్బులున్న నెలల్లో. ఎండిన చెరువే లోకమంతా చూస్తుంది, నిండిన చెరువు ఊరివాళ్లకే తెలుసు. మబ్బుల్ని దాటి చూసే రాడార్ ఉపగ్రహాలు లేకపోలేదు. 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఈఓఎస్‌-04 అలాంటిదే. రాడార్ చిత్రంలో నిలకడ నీళ్లు నల్లగా పడతాయి, వరద మ్యాపులకు అందుకే వాడతారు. కానీ మన చెరువుల్లో గుర్రపు డెక్క సంగతి తెలిసిందే కదా. డెక్క పట్టిన చెరువు మామూలు చిత్రంలో పచ్చటి పొలంలా కనిపిస్తుంది, రాడార్‌నూ తికమక పెడుతుంది. బతికున్న చెరువును పైనుంచి చూసి వరి చేను అనుకున్నవాళ్లు నాకు తెలుసు.

2024 జూలైలో చెరువుల కబ్జాలు చూసే సర్కారు సంస్థ హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు నీటి మట్టం) అన్న మాట ఆటో డ్రైవర్ల నోట కూడా వింటున్నాను. సంతోషమే. అయితే ఆ ఎఫ్‌టీఎల్ ఉపగ్రహం నుంచి దిగిరాదు, అలుగు నుంచి పుడుతుంది. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే ఆ అలుగును మా వైపు మత్తడి అంటాం. మత్తడి దుంకే ముందు నీళ్లు ఎంత ఎత్తుకు చేరతాయో, ఆ మట్టాన్ని చుట్టూ నేల మీదికి తీసుకెళ్తే వచ్చే గీతే ఎఫ్‌టీఎల్. నేను ఉద్యోగంలో ఉండగా ఒక ఊళ్లో మత్తడిని రెండడుగులు కొట్టేశారు. పాత రాతి మీద నాచు గీత పైన ఉంది, కొత్త సిమెంటు కింద ఉంది. శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, వాలు నూరడుగులకు ఒక అడుగు అనుకున్నా, నీళ్లు 200 అడుగులు వెనక్కి పోతాయి. ఆ తర్వాత ఏ ఉపగ్రహం ఎన్నిసార్లు ఫొటో తీసినా చెరువు చిన్నదనే చూపిస్తుంది. ఫొటోలో మోసం లేదు, మోసమంతా మత్తడి దగ్గరే జరిగిపోయింది.

కొలతల లెక్క కూడా ఒకసారి చూడండి. అమెరికా లాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. చెరువుల పాత కథ చెప్పడానికి అంతకంటే మంచి సాక్షి లేదు. కానీ 1980ల నుంచి వస్తున్న వాటిలో కూడా ఒక్క చుక్క (పిక్సెల్) అంటే 30 మీటర్లకు 30 మీటర్లు, సుమారు 1,076 గజాలు. మా అల్లుడి ప్లాట్లు అయిదు అందులో పడతాయి. సర్వే ఆఫ్ ఇండియా వేసే టోపోషీట్ అనే మ్యాపులో ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. చెరువు అంచు చూపే నీలం గీత అర మిల్లీమీటరు పక్కకు జరిగితే 25 మీటర్లు పోయినట్టే. 25 ఎకరాలు దాటిన చెరువుకు చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన బఫర్ జోనే 30 మీటర్లు! టోపోషీట్‌ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి, ఇదిగో ఈ ఇల్లు చెరువులో ఉందని టీవీలో చూపిస్తుంటే నాకు గుండె దడ వస్తుంది. అది నిజమే కావచ్చు. తేల్చాల్సింది మాత్రం గ్రామ నక్షా, టిప్పన్ (సర్వే నంబరు కొలతల పాత కాగితం), పాత గుడి, బొడ్రాయి, కదలని హద్దురాళ్లు దొరకబట్టుకుని, కచ్చితంగా చూపే జీపీఎస్ యంత్రం డీజీపీఎస్‌తో కొలిచి, మత్తడి మీద నుంచి లెవెల్ తీసి.

పాత పద్ధతే గొప్పదని చెప్పే మనిషిని కాను. రోజంతా ఎండలో గొలుసు లాగి చేసిన పని ఇప్పుడు డ్రోన్ పూటలో చేస్తుంటే చూడముచ్చటేస్తుంది. ఇస్రో మ్యాపుల సైటు భువన్ 2009 నుంచి అందరి ముందూ ఉంది, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో పెట్టింది. నేనడిగేది చిన్న విషయం. ఎఫ్‌టీఎల్ మ్యాపు ఎవరు ఇచ్చినా దాని మూలన మూడు ముక్కలు రాయాలి: చిత్రం ఏ తేదీది, మత్తడి మట్టం ఎంత, ఆ మట్టం ఏ బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తేల్చిన గుర్తు) నుంచి తీశారు. కట్ట మీద ఒక రాయి పాతి అదే అంకె చెక్కితే ఇంకా మేలు, ప్లాటు కొనేవాడు ఫోన్ తీయనక్కర్లేదు.

మా అల్లుడు ఆ ప్లాటు కొనలేదు, ఇంకెవరో కొన్నారు. మొన్న అటు వెళ్తే పునాది లేచింది. తుమ్మచెట్లు కొట్టేశారు, గీత కూడా వాటితోనే పోయింది.

మీరు ఆ రోజు వాడిన రెండు చిత్రాల తేదీలు వచ్చే ఆదివారమైనా వేయండి. రెండూ ఒకే నెలవైతే ఈ ఉత్తరం వేయకపోయినా ఏమీ అనుకోను.

ఇట్లు,
విశ్రాంత డిప్యూటీ సర్వేయర్, బోడుప్పల్