ఎలక్ట్రిక్ సైకిలు వెనక క్యారియర్ గురించి సూర్యానికి

విశాఖపట్నం

ప్రియమిత్రుడు సూర్యానికి,

నీ ఉత్తరం అందింది. వచ్చే నెలలో కాకినాడ నుంచి సీతమ్మధారకు మకాం మారుస్తున్న సంగతిని రెండు వాక్యాల్లో ముగించి, మిగిలిన కాగితమంతా నీ ఎలక్ట్రిక్ సైకిలుకు తగిలించబోయే క్యారియర్‌తో నింపావు కనుక, కుశలప్రశ్నలను కలిసినప్పటికి దాచి నేనూ ఆ విషయమే రాస్తాను. కావలసినప్పుడు బిగించుకొని, అక్కరలేనప్పుడు ఊడదీసే క్యారియర్ ఏది మంచిదని అడిగావు. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: క్యారియర్‌ను సైకిలుకే అంటిపెట్టుకొని ఉండనివ్వు, ఊడివచ్చే గుణం దాని మీది బుట్టకో సంచికో ఉంటే చాలు.

నీకు నచ్చిన రకం సీటు కింది గొట్టాన్ని పట్టుకొని వెనక్కి చాచుకొని ఉండేది. పనిముట్లు అక్కరలేకుండా ఒక్క మీటతో బిగుసుకుంటుంది కనుక చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే అలాంటివి మోయగల బరువు సాధారణంగా పది కిలోల దగ్గరే ఆగిపోతుంది. సీతమ్మధార రైతుబజారులో వారానికి సరిపడా కూరగాయలు, ఒక ఆనపకాయ, నాలుగు కొబ్బరికాయలు కొని, దారిలో ఐదు కిలోల బియ్యం సంచి వేసుకుంటే ఆ హద్దు అక్కడికక్కడే చెల్లిపోతుంది. హద్దులోపలే ఉన్నా, బరువంతా ఒకే ఒక్క పట్టు మీద వేలాడుతుంది కాబట్టి గుంటలో పడ్డ ప్రతిసారీ ఆ పట్టు కొద్దికొద్దిగా సడలుతూ, చివరకు క్యారియర్ మొత్తం ఒక పక్కకు తిరుగుతుంది. చాలావాటికి పక్క కమ్ములు కూడా ఉండవు, అందువల్ల పక్కన వేలాడదీసిన సంచి చక్రం పుల్లల్లోకి పోకుండా ఆపేదేమీ ఉండదు. సీటు గొట్టం కార్బన్‌దైనా, స్ప్రింగుతో కుదుపును మింగేదైనా ఈ రకాన్ని అసలు తలపెట్టకూడదు.

ఫ్రేముకు బిగించే రకంలో రెండు కాళ్లు ఇరుసు దగ్గరా, రెండు కమ్ములు సీటు కిందా బోల్టులతో కూర్చుంటాయి. బరువు ఆ కాళ్ల మీదుగా నేరుగా ఇరుసు దగ్గరికి దిగుతుంది కనుకనే చాలావాటి మీద 25 కిలోల పరిమితి రాసి ఉంటుంది. (ఆ అంకె సామాను కోసం రాసింది, మన ఊళ్లలో క్యారియర్ కనబడితే మనిషి ఎక్కి కూర్చోవడం ఆనవాయితీ కనుక మీ అబ్బాయికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచు.) సైకిలు చేసినవారు మొత్తం బరువుకు పెట్టిన హద్దు వేరుగా ఉంటుంది, అందులో నీవూ, క్యారియరూ, సామానూ కలిసే ఉంటాయి. దాన్ని కూడా చూసుకో.

ఊడదీసే సౌకర్యం ఈ రకంలోనూ దొరుకుతుంది. ఎమ్‌ఐకే, రాక్‌టైమ్ వంటి పేర్లతో అమ్మే పద్ధతుల్లో బుట్ట అడుగున ఒక పలక ఉంటుంది. అది క్యారియర్ పైభాగాన టక్కున కూర్చుంటుంది, మళ్లీ చేత్తోనే వచ్చేస్తుంది. బుట్టను అలాగే వంటింటిదాకా మోసుకుపోవచ్చు. ఒక పద్ధతి బుట్ట ఇంకో పద్ధతి క్యారియర్ మీద కూర్చోదు కనుక రెండింటినీ కలిపి ఎంచుకోవాలి. వాటికి అంత ఖర్చు దండగ అనిపిస్తే, అంచుకు కొక్కేలతో తగిలే పక్క సంచులు చాలు. ఇంకా చవకగా కావాలంటే పాత ట్యూబు ముక్కతో కట్టే మన పద్ధతి ఎటూ ఉండనే ఉంది.

అపార్ట్‌మెంటు లిఫ్టులో సైకిలును వెనక చక్రం మీద నిలబెట్టాలి, అందుకే క్యారియర్ తీసేసేదై ఉండాలి అని నీవు చేసిన వాదంలో బలం ఉంది. కాని దానికి మందు క్యారియర్ పొడవులో ఉంది: తోక టైరు వెనక అంచును దాటని క్యారియర్‌ను తీసుకుంటే నిలబెట్టినప్పుడు నేలకు తగలదు.

ఇక మోటారు సంగతి, ఇక్కడే మామూలు సైకిలుకూ నీ సైకిలుకూ తేడా వస్తుంది. నీ మోటారు వెనక చక్రం మధ్యలోనే ఉంది కాబట్టి దాని తిప్పుడు బలమంతా ఇరుసు చివర్లలో చదునుగా చెక్కిన పక్కల ద్వారా ఫ్రేము మీద పడుతుంది. ఆ ఇరుసు నట్టు కింద క్యారియర్ కాలిని దూర్చి బిగిస్తే నట్టుకు పట్టే మరలు తగ్గిపోతాయి, ఇరుసు తిరగకుండా ఆపే వాషర్ సరిగా కూర్చోదు. పైగా ఇరుసు చివర నుంచి వచ్చే వైరు మీద కాలు ఒరిగితే కొంతకాలానికి దాని తొడుగు ఒరిసిపోతుంది. కనుక ఫ్రేములో క్యారియర్ కోసమే వేరుగా మర ఉన్న రంధ్రాలుండాలి. అవి లేకపోతే గొట్టాన్ని చుట్టి పట్టే క్లాంపులు దొరుకుతాయి, పరిమితి తక్కువైనా పని నడుస్తుంది. డిస్కు బ్రేకు ఉన్న వైపు కాలు దాన్ని తప్పించుకొని కొద్దిగా బయటికి వంగి ఉండాలి. పక్క సంచి తగిలించాక తొక్కుతున్నప్పుడు మడమ దానికి తగలకూడదు. బ్యాటరీ సీటు గొట్టం వెనక ఉండి పైకి లాగి తీసేదైతే, క్యారియర్ ముందు కమ్ములు దాని దారికి అడ్డు రాకుండా చూసుకో. లేకపోతే ప్రతి చార్జింగుకూ నాలుగు బోల్టులు ఊడదీయవలసి వస్తుంది.

కాకినాడ చదునైన ఊరు, ఇక్కడ అలా కాదు. బీచ్ రోడ్డు వదిలి సిరిపురం వైపు ఎక్కేటప్పుడు వెనకబరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. నీ సైకిలుకు మోటారు బరువు ఎటూ వెనకే ఉంది కనుక, బియ్యం వంటి బరువైన సామాను పైన బుట్టలో పోగెయ్యకుండా పక్క సంచుల్లో కిందికి, వీలైనంత సీటు వైపుకు ఉండేలా సర్దుకోవాలి. దిగేటప్పుడు అదే బరువు బ్రేకులను పరీక్షిస్తుంది.

ఉప్పుగాలి సంగతి నీకు కొత్త కాకపోయినా, అల్యూమినియం ఫ్రేములో మామూలు ఇనుప బోల్టు పెడితే రెండు లోహాల మధ్య చెమ్మ చేరి ఎంత గట్టిగా పట్టేస్తుందో బోల్టు విప్పబోతే గాని తెలియదు. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకో. 304 రకం కంటే అది ఉప్పుకు బాగా ఆగుతుంది. మరలకు గ్రీజు రాసి బిగించు, కుదుపుకు ఊడకుండా లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు పట్టే చోటల్లా దాన్నే వాడు. కొన్నాళ్లు తిరిగాక ఒకసారి అలెన్ కీతో మళ్లీ బిగించి చూడాలి.

డబ్బు చెల్లించే ముందు ఇరుసు దగ్గర రెండు వైపులా, సీటు కింద ఒకటి ఫొటోలు తీసి నాకు పంపించు. వెనక చక్రం ఎన్ని అంగుళాలదో, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా రాయి. క్యారియర్ కాళ్ల పొడవు ఆ లెక్కల మీదే ఆధారపడుతుంది. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు
రమణ