సముద్రం లేని చోట గోల్ఫ్

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం క్రీడల పేజీలో ‘గోల్ఫ్‌కు అసలైన మైదానాలు సముద్రం ఒడ్డునే ఉంటాయి’ అని రాశారు. ఆట పెరిగింది స్కాట్లాండ్ తీరపు ఇసుక దిబ్బల్లోనే, కాదనను. కానీ కిందటి ఆగస్టులో ఇంగ్లండ్‌లోని సన్నింగ్‌డేల్ ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలో ఒక రౌండ్, అంటే పద్దెనిమిది హోళ్లు, ఆడి వచ్చాక ఆ మాట ఒప్పుకోలేకపోతున్నాను.

సన్నింగ్‌డేల్ లండన్‌కు నైరుతిన ఉంది. దగ్గర్లో సముద్రం లేదు. ముందు రోజు రాత్రంతా వాన కురిసింది, అయినా బూటుకు బురద అంటలేదు. ఐరన్‌తో, అంటే ఇనుప తల ఉన్న కర్రతో, కొట్టిన నా మొదటి షాట్‌కు లేచిన గడ్డి పెళ్లను మళ్లీ అక్కడే పెట్టి తొక్కే ముందు, దాని అడుగున మట్టిని వేళ్లతో నలిపి చూశాను. భూసార పరీక్షల ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన అలవాటు. ఇసుక! పొడిపొడిగా రాలిపోయింది.

అంతా ఆ ఇసుకలోనే ఉంది. 19వ శతాబ్దంలో తీరానికి దూరంగా వేసిన కోర్సులు చాలావరకు బంకమన్ను మీద ఉండేవి. చలికాలం బురద, వేసవిలో రాయి. పంటకు పనికిరాదని వదిలేసిన హీత్ బీళ్లలో, అంటే హెదర్ పొదలు పెరిగే ఇసుక నేలల్లో, నీళ్లు నిలవవని గుర్తించాకే పరిస్థితి మారింది. 1887లో, 1889లో బ్రిటన్‌లోని పెద్ద గోల్ఫ్ పోటీ ‘ఓపెన్’ గెలిచిన విల్లీ పార్క్ జూనియర్ ఇక్కడ కోర్సు గీశాడు. 1901లో ఆట మొదలైంది. సన్నింగ్‌డేల్ గోల్ఫ్ క్లబ్ తొలి కార్యదర్శి హ్యారీ కోల్ట్ తర్వాత దాన్ని దిద్దాడు.

పదో హోల్ టీ, అంటే తొలి దెబ్బ కొట్టే చోటు, బాగా ఎత్తు మీద ఉంటుంది. కింద గడ్డి కత్తిరించిన ఫెయిర్‌వే, ఇరువైపులా ఊదా రంగులో పూసిన హెదర్ పొదలు. అది చూసి కాసేపు సంచిలోంచి క్లబ్ (గోల్ఫ్ కర్ర) తీయాలనిపించలేదు. తీసి కొట్టాక బంతి కుడివైపు హెదర్‌లోనే పడింది. బంతిని పైకి లేపే వెడ్జ్ కర్రతో పక్కకు కొట్టి బయటపడమని, నా సంచి మోస్తున్న క్యాడీ చెప్పాడు. వినకుండా ఏడో నంబర్ ఐరన్ తీశాను. ఆ గట్టి కొమ్మలు క్లబ్ మెడ పట్టుకుని మొహం తిప్పేశాయి, బంతి రెండు మూరలు కదిలింది. ఆ హోల్‌కు ఎనిమిది దెబ్బలు పట్టాయి. బంకర్ అనే ఇసుక గుంత కంటే, చెరువు కంటే ఆ పొదకే ఎక్కువ భయపడాలని అప్పుడు తెలిసింది.

దారిలో కొట్టేసిన చెట్ల మోళ్లు చూసి మనసు చివుక్కుమంది. క్యాడీని అడిగితే, పైన్, బర్చ్ నీడ కింద హెదర్ బతకదని, తొలి రోజుల్లో ఇక్కడ చెట్లే తక్కువని చెప్పాడు.

1926లో ఓపెన్ అర్హత పోటీలో అమెరికన్ ఆటగాడు బాబీ జోన్స్ ఇక్కడే 66 దెబ్బల్లో రౌండ్ ముగించాడు. మొదటి తొమ్మిది హోళ్లకు 33, తర్వాతి తొమ్మిదికి 33. బంతిని గుంతలోకి దొర్లించే పట్టర్‌తో 33, మిగతా క్లబ్బులతో 33. 2004 మహిళల బ్రిటిష్ ఓపెన్ చివరి రోజున కారెన్ స్టపుల్స్ మొదటి హోల్‌లో ఈగిల్ (నిర్ణీత దెబ్బల కంటే రెండు తక్కువ), రెండో హోల్‌లో ఆల్బట్రాస్ (మూడు తక్కువ) సాధించి గెలిచింది కూడా ఇక్కడే. నా స్కోరు 97. అయినా అంత సంతోషంగా ఆడిన రౌండ్ నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఈసారి గోల్ఫ్ గురించి వేసినప్పుడు కాళ్ల కింది నేల గురించి నాలుగు వాక్యాలు రాయించండి. పదో టీ మీద నుంచి తీసిన హెదర్ ఫొటో ఈ లేఖతో పంపుతున్నాను.

ఇట్లు,
భూసార పరీక్షల విశ్రాంత ఉద్యోగి