పాఠశాల వార్తాలేఖ: పాత గాలం కర్రలు, వాటికి సరిపడే కొసలు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

జూన్ నెల చివరి ఆదివారం మన తెలుగు బడి పిల్లలను చెరువు గట్టుకు తీసుకువెళ్లి, గాలం వేయడం నేర్పించాలని ఉపాధ్యాయులందరం కలిసి నిర్ణయించుకున్నాము. ఈ సంగతి తరగతిలో చెప్పిన మరుసటి రోజు నుంచే మీలో చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "గాలం కర్ర ఏది కొనమంటారండీ?" కొత్తది ఏదీ కొనవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంగ్లండులో ఇళ్ల గ్యారేజీల్లో, అటకల మీద, ఛారిటీ దుకాణాల మూలల్లో, ఆదివారం కారు బూట్ సంతల్లో వాడకం మానేసిన మంచి కర్రలు ఎన్నో దొరుకుతాయి. ఇరుగుపొరుగు పెద్దవాళ్లను ఒక్క మాట అడిగితే, పిల్లలకని తెలిసి ఊరికే ఇచ్చేవారు కూడా ఉన్నారు. ఇప్పటికే అలా మన బడికి పదకొండు కర్రలు చేరాయి. మీరు డబ్బు ఖర్చు పెట్టదలచుకుంటే కర్ర మీద కాకుండా, ఆ కర్ర చివర అమర్చే సన్నని కొస మీద పెట్టండి. పిల్లవాడు గంటసేపు కళ్లప్పగించి చూసేది ఆ కొసనే.

మనం చేయబోయే పనిని ఇక్కడ కోర్స్ ఫిషింగ్ అంటారు. సాల్మన్, ట్రౌట్ జాతులను పక్కన పెడితే చెరువుల్లో, కాలువల్లో, నదుల్లో గాలానికి పడే మిగిలిన మంచినీటి చేపలన్నీ దీని కిందికే వస్తాయి. రోచ్, బ్రీమ్, టెంచ్, బార్బెల్, కార్ప్ అనే పేర్లు మనకు కొత్తగా వినిపించవచ్చు గాని, ఇవన్నీ మన శీలావతికి, బొచ్చెకు దగ్గరి బంధువులే. ఇక్కడి వాళ్లు కామన్ కార్ప్ అని మురిసిపోయే చేపను మన ఊళ్లలో బంగారుతీగ అంటారు. ఒక పెద్ద తేడా మాత్రం పిల్లలకు ముందుగానే చెప్పి తీసుకురావాలి: ఇక్కడ పట్టిన చేపను తిరిగి నీటిలోకి వదిలేస్తారు. నదుల్లోనైతే రోజుకు ఏ చేపలను, ఎంత పొడవున్నవాటిని, ఎన్నింటిని తీసుకోవచ్చో ఇంగ్లండు నిబంధనలు గట్టిగానే చెబుతాయి. చెరువుల్లో యజమాని అనుమతి లేకుండా ఒక్క చేపను కూడా తీసుకువెళ్లకూడదు. "పట్టి వదిలేయడానికి ఇంత శ్రమ ఎందుకండీ?" అని ఒక తండ్రి సూటిగానే అడిగారు. నీటి లోపల కంటికి కనిపించకుండా జరుగుతున్నదాన్ని నీటి పైన కనిపించే ఒక చిన్న కదలిక బట్టి గ్రహించడం నేర్చుకోవడమే ఇందులో పిల్లలకు దక్కేది, అందుకోసమే ఈ శ్రమ అని వారికి చెప్పాను.

గోదావరి డెల్టాలో పెరిగినవారికి ఈ కదలిక బెండు రూపంలో తెలుసు. మా నాన్నగారు కాలువ గట్టున వెదురు కర్రకు దారం కట్టి, దానికి బెండు ముక్క గుచ్చి, ఎరగా వానపామును పెట్టి కూర్చునేవారు. బెండు మునగగానే కర్ర పైకి లేచేది. ఇక్కడ కూడా బెండుతో గాలం వేస్తారు. కానీ ఎరను అడుగున, గట్టుకు దూరంగా ఉంచాలనుకున్నప్పుడు బెండు తీసేసి, దారానికి ఒక బరువునో, ఎర నింపిన ఫీడర్ అనే చిన్న బుట్టనో కడతారు. అప్పుడు చేప ఎరను అందుకున్న సంగతి చెప్పేది కర్ర చివర ఉండే క్వివర్ టిప్. ఇది మిగతా కర్ర కంటే బాగా సన్నగా, మెత్తగా ఉండి, నారింజ లేదా తెలుపు రంగు పూతతో దూరానికి కూడా కనిపించే కొస. కర్రను రెండు ఆసరాల మీద పెట్టి, కొస రవ్వంత వంగేదాకా రీలు తిప్పి దారాన్ని బిగిస్తే, ఆ తరువాత అటు చివర జరిగే ప్రతి చిన్న పనీ ఇటు కొసలో కనిపిస్తుంది. కర్ర సరిగ్గా దారం వెళ్లే దిక్కుకే చూపిస్తూ ఉంటే కొస కదలదు. దారానికి అడ్డంగా, దాదాపు లంబకోణంలో ఉంచినప్పుడే కదలిక పూర్తిగా తెలుస్తుంది.

ఈ కొసల బలాన్ని ఔన్సులలో చెబుతారు. కొస పూర్తిగా వంగి కిందికి చూడాలంటే ఎంత బరువు వేలాడదీయాలో అదే ఆ కొస అంకె అని స్థూలంగా అర్థం చేసుకోవచ్చు. కదలని చెరువులకు, కాలువలకు అర ఔన్సు నుంచి ఒక ఔన్సు వరకు చాలు. నెమ్మదిగా పారే నదికి ఒకటిన్నర, రెండు ఔన్సులు కావాలి. మన దగ్గరలోని ట్రెంట్ వంటి నదిలో, ప్రవాహం మధ్యలోకి బరువైన ఫీడర్ విసిరేటప్పుడు మూడు ఔన్సులు, ఒక్కొక్కసారి అంతకంటే గట్టిది కూడా వాడవలసి వస్తుంది. పారే నీటిలో మెత్తని కొస పెడితే ప్రవాహమే దాన్ని పూర్తిగా వంచేస్తుంది, ఇక చేప లాగినా వంగడానికి అందులో ఏమీ మిగలదు. అలాగని చెరువులో గట్టి కొస పెడితే, ఎరను నోట పెట్టుకున్న చేపకు అవతల ఏదో బిగుసుకున్నట్టు తెలిసిపోయి, మన కంట ఏమీ పడకుండానే ఎరను వదిలేస్తుంది. పాత కర్రలు ఇచ్చేవాళ్లు ఎక్కువగా నదిలో వేటాడినవాళ్లు కావడం వల్ల వాటికి మిగిలి ఉండేవి గట్టి కొసలే. పిల్లలు "చేపలు లేవు టీచర్" అని దిగులుపడే రోజుల్లో చాలావరకు చేపలు ఉంటాయి, కొసే తగినది కాదు.

కొసలు రెండు రకాల పదార్థాలతో వస్తాయి. ఫైబర్‌గ్లాస్ కొస సాఫీగా, నిదానంగా వంగుతుంది కాబట్టి చేప ఎరను మరికాసేపు పట్టుకొని ఉంటుంది, పిల్లవాడు చూసి కర్ర ఎత్తేందుకు సమయం దొరుకుతుంది. కార్బన్ కొస తేలికగా, చురుకుగా ఉండి వెంటనే నిటారుగా నిలబడుతుంది. దూరానికి విసిరేటప్పుడు, ప్రవాహంలో అది మేలు. అయితే సరిగా చూసుకోకపోతే కార్బన్ కొస తొందరగా విరుగుతుంది. మన చెరువుకు, మన పిల్లల చేతులకు ఒక ఔన్సు ఫైబర్‌గ్లాస్ కొసే నా ఎంపిక, ఈ విషయంలో నాకు సందేహం లేదు.

వచ్చిన పదకొండు కర్రలతో పాటు ఒక సంచి నిండా విడి కొసలు వచ్చాయి. వాటిలో చాలావాటి మీద అంకెలు చెరిగిపోయాయి. మొన్న ఆదివారం పెద్ద తరగతి పిల్లలు వాటిని బల్ల అంచుకు ఒక్కొక్కటిగా బిగించి, చివరి రింగుకు పలుచని పాలిథిన్ సంచిని తగిలించి, అందులో రెండు పెన్నీల నాణేలు వేస్తూ పోయారు. ఒక్కో నాణెం బరువు 7.12 గ్రాములు, అంటే నాలుగు నాణేలు కలిపితే 28.48 గ్రాములు, దాదాపు సరిగ్గా ఒక ఔన్సు. కొస చివర నేలవైపు చూసే వరకు ఎన్ని నాణేలు పట్టాయో లెక్కపెట్టి, నాలుగుతో భాగించారు. ఎర్ర చార ఉన్న ఒక కొస మూడు నాణేలకే వాలిపోయింది, అంటే ముప్పావు ఔన్సు. వేరే తయారీదారు చేసిన మరొక ఎర్ర చార కొస ఎనిమిది నాణేల దాకా వంగలేదు. రంగు చార చూసి బలం ఊహించకూడదని వారికి నేను చెప్పవలసిన అవసరమే లేకపోయింది. ప్రతి కొసకు చిన్న కాగితం చుట్టి, దాని మీద "ముప్పావు", "ఒకటిన్నర" అని తెలుగులో రాసి పెట్టారు. ముప్పావుకు, ముప్పాతికకు తేడా ఏమిటని ఒక పాప అడిగితే, రెండూ ఒకటేనని మరొక పిల్లవాడు వివరించాడు. భిన్నాల పాఠం ఇంత సులువుగా సాగడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఇక పాత కర్రను తీసుకునేటప్పుడు ఏమి చూడాలో చెబుతాను. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒకరి దగ్గర చవకగా ఒక కర్ర కొన్నాను. చూడటానికి ముచ్చటగా ఉండేది. మొదటి రోజే ఒక మంచి టెంచ్ పడింది, గట్టుకు రాకముందే దారం తెగిపోయింది. ఇంటికి వచ్చి దూది చుట్టిన పుల్లను ఒక్కొక్క రింగులో తిప్పి చూస్తే, మూడో రింగులో దూది పోగులు చిక్కుకున్నాయి. రింగు లోపలి గాజులాంటి పూత వెంట్రుకవాసి చీలి ఉంది, అది విసిరిన ప్రతిసారీ దారాన్ని కోస్తూ వచ్చింది. ఆ చేప నోట్లో కొక్కెంతోనే వెళ్లిపోయింది. ఆ బాధ నాకు ఇంకా ఉంది, అందుకే ఈ దూది పరీక్ష చేయని కర్రను ఏ పిల్లవాడి చేతికీ ఇవ్వను.

రింగుల తరువాత అతుకులు చూడండి. ముక్కలు కలిపి ఊపినప్పుడు టకటకమని చప్పుడు వస్తే అతుకు అరిగిపోయిందని అర్థం. కర్ర పొడవునా వేలితో తడుముతూ పోతే నొక్కుళ్లు, చీలికలు తెలుస్తాయి. పిడికి ఉన్న కార్క్ మురికిగా ఉన్నా ఫరవాలేదు, కడిగితే పోతుంది. కొసల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది వాటి మొదలు మందం. ఒక కర్రకు 2.2 మిల్లీమీటర్ల కొస పడితే, ఇంకొకదానికి 3 మిల్లీమీటర్లది కావాలి. ఒకదాని కొసను గరుకు కాగితంతో అరగదీసి మరొకదానిలో దూర్చిన కర్రలు నాకు రెండు తగిలాయి. అలాంటి కొస విసిరేటప్పుడు ఎగిరిపోయి ఎవరికైనా తగలవచ్చు. కొత్త కొస కొనేముందు కర్రను బడికి తీసుకురండి, వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి సరైన మందం చెబుతాము.

పాత కర్రతో పాటు పాత సామాను పెట్టె కూడా ఇస్తారు. అందులో సీసపు గుళ్లు ఉండే అవకాశం ఎక్కువ. నీటి అడుగున పడిపోయిన సీసాన్ని గులకరాళ్లతో పాటు మింగి హంసలు చనిపోతున్నాయని గుర్తించి, 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల మధ్య ఉండే సీసపు బరువులను ఇక్కడ 1987 నుంచి నిషేధించారు. దయచేసి ఆ పెట్టెలను పిల్లల చేతికి ఇవ్వకుండా నేరుగా నాకు అందజేయండి.

కొసలో కనిపించే కదలికలకు మన పిల్లలు తెలుగు పేర్లు పెట్టుకున్నారు. చిన్న చేపలు ఎరను పొడిచేటప్పుడు కొస సన్నగా అదురుతుంది, దానికి "వణుకు" అన్నారు. అప్పుడు కర్ర ముట్టుకోకూడదు. చేప ఎర తీసుకొని అవతలికి కదిలితే కొస నిదానంగా ఒకవైపుకు వంగి అలాగే ఉంటుంది, అది "లాగుడు"; అప్పుడు కర్రను మెల్లగా పక్కకు ఎత్తాలి. చేప మనవైపే వస్తే వంగి ఉన్న కొస ఒక్కసారిగా నిటారుగా అవుతుంది, దీనికి "సడలు" అని పేరు పెట్టారు. బ్రీమ్ గుంపుగా తిరిగేటప్పుడు వాటి ఒళ్లు దారానికి రాసుకొని కొస వంగి వెంటనే వెనక్కి వస్తుంది, దాన్ని చూసి కర్ర ఎత్తితే గుంపు మొత్తం బెదిరిపోతుంది. దీనికి "ఉత్తుత్తి" కంటే మంచి పేరు నాకు కూడా తోచలేదు.

నిబంధనల సంగతి. పదమూడేళ్లు నిండని పిల్లలకు లైసెన్సు అవసరం లేదు. 13 నుంచి 16 ఏళ్లవారికి ఉచితమే గాని, ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లైసెన్సును ముందుగా తీసుకొని ఉండాలి. పదిహేడేళ్లు నిండినవారు, అంటే పిల్లల పక్కన తామూ ఒక కర్ర వేయాలనుకునే తల్లిదండ్రులు, రుసుము చెల్లించాలి. లైసెన్సు లేకుండా పట్టుబడితే జరిమానా 2,500 పౌండ్ల వరకు ఉండవచ్చు. చెరువు రుసుము బడి చెల్లిస్తుంది. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు గాలం వేయకూడదు, జూన్ 16 నుంచి మళ్లీ వేయవచ్చు. మనం వెళ్లేది చెరువుకే అయినా, ఆ తరువాత మీరు పిల్లలతో ట్రెంట్‌కు వెళ్లాలనుకుంటే ఈ తేదీలు గుర్తుంచుకోండి.

కార్బన్ కర్ర గుండా విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. కరెంటు తీగలకు 30 మీటర్ల లోపు ఎవరూ గాలం వేయకూడదు, కర్రను నిలబెట్టి నడవకూడదు, ఉరుము వినిపించిన వెంటనే కర్రలు నేల మీద పెట్టి అందరం లోపలికి వెళ్తాము. విసిరేటప్పుడు పిల్లలందరూ కళ్లద్దాలు పెట్టుకోవాలి. చెరువు నీటిలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే జబ్బు ఉండవచ్చు కాబట్టి, చేతికి గాయం ఉంటే పట్టీ వేసి పంపండి, చేతులు కడగకుండా ఎవరికీ భోజనం పెట్టము. ముల్లులేని కొక్కేలనే వాడతాము. చేపను తడి చేతులతో మాత్రమే పట్టుకోవాలి. పొడి చేయి తగిలితే దాని ఒంటి మీది జిగురు పొర పోతుంది.

శాకాహార కుటుంబాల పిల్లలు పురుగులను ముట్టుకోవలసిన అవసరం లేదు, మొక్కజొన్న గింజలు, రొట్టె ముక్కలు ఎరగా చక్కగా పనిచేస్తాయి. చేపకు కొక్కెం గుచ్చడమే మనసుకు ఒప్పనివారు ఉంటే నాతో చెప్పండి. వారి ఆలోచనను గౌరవిస్తాము. ఆ పిల్లలు గట్టు మీద కొసలను గమనిస్తూ, ఏ కొసలో ఎన్నిసార్లు ఏ కదలిక వచ్చిందో పట్టిక రాస్తారు.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు బడి వెనుక గదిలో కర్రల పరీక్ష ఉంటుంది. మీ దగ్గర ఉన్న పాత కర్రను సంచితో సహా తీసుకురండి. కొసలు సంచి అడుగున కుట్టు మధ్య ఇరుక్కొని ఉంటాయి, ఖాళీ సంచి అనుకొని పారవేయకండి. రెండు పెన్నీల నాణేలు ఉంటే ఓ పది తీసుకురండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు