గరుసు, బంకమట్టి, మన గుట్ట కింది చేన్లు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు నివేదికలో అంతా లెక్కలే ఉన్నాయి, చేను గురించి ఒక్క ముక్క లేదని చాలామంది అన్నారు. ఆ మాట నిజమే. అందుకని ఈసారి జమాఖర్చు విడిగా రాసి సంఘం గదిలో గోడకు అంటించాం, రసీదులు కూడా అక్కడే ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇక్కడ మాత్రం మట్టి సంగతే రాస్తున్నాను.

మనవి ఉమ్మడి అనంతపురం జిల్లా గుట్ట కింది చేన్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే కురిసేసి మన దాకా ఖాళీగా వస్తాయి, ఈశాన్యం వాన సముద్రం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. పడేదాంట్లో కూడా సెప్టెంబరులో ఒకటి రెండు వానలు కుండపోతగా పడి మిగతా రోజులన్నీ బెట్టే. కాబట్టి మన పని అంతా ఆ ఒకటి రెండు వానలను ఈ ఏటవాలు నేలలో ఎట్లా నిలబెట్టుకోవాలి అన్నదే.

ఈ ఏడాది ప్రతి మీటింగులోనూ తిరిగి తిరిగి వచ్చిన చర్చ ఒక్కటే. చేలో రాళ్లు ఏరేయాలా వద్దా? నాకు తెలిసి మన సంఘంలో ఇంత గట్టిగా వాదించుకున్న విషయం ఇంకోటి లేదు. మన సభ్యుల్లో ఒకాయన కూలీలను పెట్టి, ట్రాక్టరు పెట్టి చేను మొత్తం చిన్న గరుసుతో సహా ఏరించి తోలించాడు. చూడటానికి చేను అరచేతిలా నున్నగా ఉండేది. సెప్టెంబరులో పెద్ద వాన పడిన మర్నాడు మేం నలుగురం గునపం తీసుకుని ఆ చేలోనూ, గట్టు అవతల రాళ్లు ఏరని చేలోనూ తవ్వి చూశాం. ఏరిన చేలో తడి నాలుగు వేళ్ల లోతు కూడా దిగలేదు, పైన పెచ్చు కట్టి ఉంది. ఏరని చేలో జానెడు దాటింది. రెండూ ఒకే వాలు, ఒకే వాన. ఒక్క వానతో అంతా తేలిపోదని ఆ రోజే అనుకున్నాం, అందుకే ఆ తర్వాత పడిన రెండు వానలకు కూడా తవ్వి చూశాం, తేడా అట్లాగే ఉంది.

ఎందుకంటే మన నేలలో గరుసు ఒక్కటే లేదు, దాంతోపాటు బంకమట్టి బాగా ఉంది. ఈ గుట్టలన్నీ గ్రానైటు జాతి రాయి. ఆ రాయి వేల ఏళ్లుగా ఎండకు పగిలి, వానకు నాని చితికిపోతుంటే అందులో కొంత భాగం మెత్తబడి బంకమట్టి అవుతుంది, తెల్లగా మెరిసే పలుగురాయి మాత్రం కరగదు, అదే మనకు కాలికి గుచ్చుకునే గరుసు. రాయిలోని ఇనుము తుప్పు పట్టినట్టయి ఎరుపు వస్తుంది. వాన నీళ్లు సన్నటి బంకను కిందికి దింపుతాయి, అందుకే మన చేన్లలో పైన గరుసు కలిసిన పలచటి మట్టి, జానెడు కిందికి పోయేసరికి తడిస్తే జిగట, ఎండితే ఇటుక లాంటి ఎర్రటి పొర. రాళ్లు తీసేసిన చోట వాన చినుకు నేరుగా మట్టి మీద పడి, మట్టిగడ్డలను చితక్కొట్టి, ఆ సన్నటి బంక పోయి నేల రంధ్రాలను పూడ్చేస్తుంది. పైన పెచ్చు కట్టాక నీళ్లు ఇక ఎక్కడికి పోతాయి, వంకలోకే. నేల మీద వదులుగా పరుచుకుని ఉన్న గరుసు ఆ చినుకు దెబ్బను తను తింటుంది, ఎండ పూట నేలకు నీడ కూడా ఇస్తుంది.

అయితే రాయి ఉంటే చాలు, అంతా మంచిదే అని కూడా కాదు. పైన వదులుగా ఉన్న రాయి నీళ్లను లోపలికి పంపుతుంది, పెచ్చులో పాతుకుపోయి కదలని రాయి మాత్రం నీళ్లు జారిపోవడానికే సాయం చేస్తుంది. కాబట్టి వాన తర్వాత ఆరీ ఆరక ముందే గుంటక (పైమట్టిని గీకే పరికరం) తోలి పెచ్చు పగలగొట్టాలి. పైగా రాయి తనలో తేమ దాచుకోదు, అది ఎంత చోటు ఆక్రమిస్తే నీళ్లు పట్టే మట్టి అంత తక్కువ. చివరికి అందరం ఒప్పుకున్నది ఇది: పిడికిలి కంటే పెద్ద రాళ్లు ఏరి వాలుకు అడ్డంగా కట్టలుగా పేర్చాలి, అంతకంటే చిన్నవి చేలోనే ఉండనివ్వాలి. రాళ్లు ఏరిన మన సభ్యుడు కూడా గట్టు మీద పోసిన వాటిలోంచి చిన్న గరుసును మళ్లీ చేలోకి చల్లించాడు. ఆయన ఆ మాట మీటింగులో లేచి చెప్పినందుకు సంఘం తరఫున ధన్యవాదాలు, అంత తేలికైన పని కాదది.

మట్టి పరీక్షల సంగతి. భూసార కార్డులు చాలామందికి వచ్చాయి, అందరికీ సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకు, ఎరువు నుంచి మట్టికి వచ్చే సత్తువ) 0.5 శాతం కంటే తక్కువే, అంటే 'తక్కువ' అనే గడిలోనే. దానికి ఆశ్చర్యపోలేదు. కానీ ఒక్క విషయం చాలామందికి తెలియదు, నాకూ ఈ ఏడాదే తెలిసింది. ల్యాబులో మట్టిని 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, పైన మిగిలిన గరుసును పక్కన పెట్టి, కింద పడిన సన్న మట్టికే పరీక్ష చేస్తారు. పద్ధతి ప్రకారం అది సరైనదే. కానీ మీ చేలో వంద కిలోల మట్టి తీస్తే నలభై కిలోలు గరుసే ఉంటే, కార్డు మీద రాసిన పోషకాల్లో నిజంగా ఉండేది దాదాపు నూటికి అరవై వంతులే. కార్డులో ఏదో ఒక పోషకానికి 'మధ్యస్థం' అని ఉంది కదా అని ఎరువు తగ్గించినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఈసారి మట్టి ఇచ్చేటప్పుడు ఇంట్లో జల్లెడ పట్టి గరుసు ఎంత, మట్టి ఎంత తూకం వేసి రాసుకోండి.

సీసా పరీక్ష కూడా చేశాం, పిల్లలకు బాగా నచ్చింది. చేను పైభాగం, నడుమ, అడుగు మూడు చోట్ల మట్టి తెచ్చి, సీసాల్లో నీళ్లు పోసి గిలకొట్టి పెట్టాం. ఇసుక నిమిషంలో కూర్చుంది, ఒండ్రు రెండు గంటల్లో, బంకమట్టి నీళ్లు మర్నాటికి కూడా ఎర్రగానే ఉన్నాయి. పై చేను సీసాలో గరుసు ఎక్కువ, అడుగు చేను సీసాలో బంక ఎక్కువ. అంటే పై చేను వాళ్ల బంక ఏటా కింది చేను వాళ్లకు, అక్కడి నుంచి చెరువుకు పోతోంది. అందుకే చెరువు పూడిక మట్టి తోలే విషయంలో ముందు పై చేన్లకే ఇవ్వాలని తీర్మానించాం. జానెడు లోపే బంక తగిలే చేన్లకు పూడిక మట్టి తోలడం డబ్బు దండగ, వాళ్లకు పశువుల ఎరువు, గొర్రెల మంద నిలపడమే మేలు.

కందకాల పనిలో మాత్రం తప్పు జరిగింది, అది మా కమిటీ తప్పే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది, ఆ తర్వాత మన గుట్ట మీద తవ్విన కందకాలు ఇప్పటికి చాలావరకు పూడిపోయాయి. వాటిని పూడిక తీసి కొత్తవి కొన్ని తవ్వుదామని శ్రమదానం పెట్టాం. తొందరలో మట్టం చూసుకోకుండా కంటి అంచనాతో తవ్వాం. మొదటి పెద్ద వానకే ఒక కందకంలో నీళ్లన్నీ ఒక మూలకు చేరి, గట్టు తెగి, కింద ఇద్దరి చేన్లు కోసుకుపోయాయి. వాళ్లిద్దరి చేన్లలో కోతపడ్డ చోట సంఘం ఖర్చుతో రాతికట్ట వేసి ఇచ్చాం. ఇకపై సన్న పైపులో నీళ్లు నింపి రెండు కొసలా మట్టం చూడనిదే ఒక్క గడ్డపార దెబ్బ కూడా వేయం.

నీటి గుంటల విషయంలో మంచి అనుభవం వచ్చింది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4,000 లీటర్లు, అంటే 20 మిల్లీమీటర్ల వానకు 80 వేల లీటర్లు. అందులో నాలుగో వంతు పట్టుకున్నా బెట్టలో కొంత చేనుకైనా ఒక తడి ఇవ్వొచ్చు. కానీ మన నేలలో గుంట ఎంత లోతు తవ్వితే అంత మంచిది అనుకుంటే మోసపోతాం. బంక పొర దాటి కింద చితికిన రాయి తగిలే దాకా తవ్విన గుంటలో నీళ్లు మూడు రోజులు నిలవలేదు. బంక పొరలోనే ఆపిన రెండు గుంటల్లో నెల దాటి ఉన్నాయి. దాటి తవ్వినవాళ్లు ఆ తవ్విపోసిన బంకనే అడుగున పరిచి, తడిపి, తొక్కించండి.

వేరుశనగ మన ప్రాణం, కాదనను. కానీ పెచ్చు కట్టిన నేలలో ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగవు, దిగినా పెరికేటప్పుడు నేల బిగుసుకుని కాయలు లోపలే తెగిపోతాయి. పూత, ఊడల సమయంలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేసి గుంటక తోలినవాళ్ల చేలో చెట్టు పెరికితే తేలిగ్గా వచ్చింది, కాయా బాగా నిండింది. గరుసు మరీ ఎక్కువున్న పై చేన్లలో ఒంటి పంట వద్దని మళ్లీ చెప్తున్నాను, కంది, ఆముదం సాళ్లు కలపండి, ఆలస్యంగా పదునైతే ఉలవలు చల్లండి. గుట్ట అంచున సీతాఫలం, వేప, నారేపి మొక్కలు పెట్టాం. నారేపి నిదానంగా పెరిగినా వేరు రాళ్ల సందుల్లోంచి లోతుకు పోతుంది. మేకలు తిన్నవాటి చోట మళ్లీ పెట్టాలి.

ఇక టెన్షన్ పెట్టిన విషయం గ్రావెల్ తవ్వకం. గుట్ట పాదంలో రాత్రిళ్లు జేసీబీ పెట్టి గరుసు తోలుకుపోవడం ఈ ఏడాది రెండుసార్లు జరిగింది. గ్రావెల్ కూడా చిన్నతరహా ఖనిజమే, అనుమతి లేనిదే తవ్వకూడదు. ఫిర్యాదు ఇచ్చాం, గ్రామసభలో కూడా రాయించాం, తవ్వకం ప్రస్తుతానికి ఆగింది. తవ్విన చోట ఎర్రటి బంక పొర బయటపడి, ప్రతి వానకూ జారి కింది చేన్ల మీదికి వస్తోంది. దాని అంచున రాతికట్ట వేయడం వచ్చే ఏడాది మన మొదటి పని, రాళ్లు మన చేన్లలో ఏరినవే సరిపోతాయి, ట్రాక్టరు బాడుగకు మాత్రం చందా కావాలి.

ఉగాది తర్వాత వచ్చే ఆదివారం పొద్దున సర్వసభ్య సమావేశం. వచ్చేటప్పుడు ఒక్కొక్కరు మీ చేను మట్టి ఒక సీసాలో తీసుకురండి, సీసా మీద చేను పేరు, తవ్విన లోతు రాయండి.