వంతెనల తనిఖీ వివరాలు ప్రజలకు తెలపాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఉత్తర వేల్స్‌లోని ఆంగ్లిసీ దీవిని ప్రధాన భూభాగంతో కలిపే మెనై వేలాడే వంతెనకు 2026 జనవరి 30తో రెండు వందల ఏళ్లు నిండాయి. థామస్ టెల్‌ఫర్డ్ దాన్ని కట్టక ముందు దీవివాసులకు పడవే దిక్కు; సంతకు తోలుకెళ్లే పశువులను ఆ జలసంధిలో ఈదించి దాటించేవారు. తెరచాప ఓడలకు దారి వదలవలసి రావడంతో నీటికి 100 అడుగుల ఎత్తున, 577 అడుగుల దూరం పొడవునా 16 ఇనుప గొలుసుల ఆధారంతో బాట వేలాడదీశారు. గొలుసుల ఇనుము తుప్పు పట్టకుండా అవిసె నూనెలో నానబెట్టారు.

అంత శ్రద్ధగా కట్టినా దాన్ని అలాగే వదిలేయలేదు. 1839లో పెనుగాలికి దెబ్బతిన్న బాటను బాగుచేశారు, 1893లో ఉక్కు బాట వేశారు, 1938లో మొదలుపెట్టి పాత గొలుసుల స్థానంలో ఉక్కువి అమర్చారు. ఆ వంతెన ఇంతకాలం నిలవడంలో టెల్‌ఫర్డ్ ప్రతిభకు ఎంత వాటా ఉందో, ఈ మరమ్మతులకూ అంతే ఉందని నా అభిప్రాయం.

2022 అక్టోబరు 21న, బాటను మోసే నిలువు కడ్డీలు తెగే ముప్పుందని ఇంజినీర్లు చెప్పగానే, ఏ ప్రమాదమూ జరగకముందే వంతెనను మూసేశారు. రాకపోకలన్నీ పక్కనున్న బ్రిటానియా వంతెన మీద పడ్డాయి, దీవి ఒడ్డున ఉన్న ఊళ్లో దుకాణాలకు బేరాలు తగ్గాయి. అయినా 2023 ఫిబ్రవరి దాకా తెరవలేదు. తెరిచాక కూడా ఏడున్నర టన్నులు దాటిన వాహనాలను అనుమతించలేదు. 2025 అక్టోబరులో మళ్లీ అనుమానం రాగానే మళ్లీ మూశారు.

మొదటిసారి మూసిన తొమ్మిది రోజులకే, 2022 అక్టోబరు 30న, గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛు నది మీది వేలాడే వంతెన తెగి 135 మంది చనిపోయారు. మరమ్మతులు చేశామని తెరిచి అప్పటికి వారమైనా కాలేదు. ప్రధాన తీగలోని 49 పోగుల్లో 22 ముందే తుప్పు తినేశాయని దర్యాప్తు బృందం తేల్చింది. ఆ రోజు టికెట్టు కొని వంతెన ఎక్కినవారికి ఆ సంగతి తెలిసే మార్గమే లేదు. నన్ను ఇప్పటికీ బాధించేది ఇదే.

గోదావరి పాయలకూ సముద్రానికీ నడుమనున్న మా కోనసీమలో పంటు కోసం రేవుల్లో పడిగాపులు కాసిన తరం ఇంకా ఉంది. ఎదుర్లంక, చించినాడ వంతెనలు మాకు ఎంత మేలు చేశాయో చెప్పనక్కర్లేదు. అవి వేలాడే వంతెనలు కాకపోయినా, ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టే ప్రమాదం తీరప్రాంతంలోని ఏ కాంక్రీటు వంతెనకైనా ఉంటుంది. రెయిలింగు పగుళ్లలో రావి మొక్క మొలిచి ఉన్నా, లారీ దాటినప్పుడల్లా అతుకుల దగ్గర దడదడమని చప్పుడు వస్తున్నా, దాన్ని ఎవరైనా చూశారో లేదో దారిన పోయేవారికి తెలియదు.

కాబట్టి రోడ్లు, భవనాల శాఖ పెద్ద వంతెనలన్నిటికీ రెండు చివరలా బోర్డు పెట్టి, చివరి తనిఖీ ఏ తేదీన జరిగిందో, ఏ లోపాలు కనిపించాయో, ఎన్ని టన్నుల వరకు అనుమతి ఉందో తెలుగులో రాయించాలని కోరుతున్నాను. అవసరమై మూసేటప్పుడు పంట్లు, ప్రత్యామ్నాయ బస్సులు ఏర్పాటు చేసే బాధ్యతను జిల్లా యంత్రాంగానికి ముందుగానే అప్పగించాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం