మగ్గం మీద మనిషికీ ఫెలోషిప్ ఇవ్వండి: చేనేత మంత్రులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేనేత, జౌళి శాఖల మంత్రులకు,

నమస్కారాలు.

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం తేలియా రుమాలు. ఆంధ్రలోని చీరాలలో నేసి, ఓడలెక్కించి అరబ్బు దేశాల దాకా పంపిన బట్ట అది. గత శతాబ్దంలో ఆ పనితనం తెలంగాణలోని పోచంపల్లి, పుట్టపాక వైపు వచ్చి స్థిరపడింది. 2020లో జీఐ (భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా వస్తువు ఫలానా ప్రాంతానిదన్న ముద్ర) వచ్చేనాటికి అది పుట్టపాక పేరు మీద ఉంది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, చీరాలలో ఎందుకు తగ్గింది, ఇక్కడికి వచ్చాక ఏం మారింది అని రాయాలంటే రెండు రాష్ట్రాల్లోనూ తిరగాలి, రెండు చోట్లా పెద్దవాళ్లతో కూర్చోవాలి. మీరిద్దరూ కలిసి చేనేత చరిత్ర మీద, పనితనం మీద ఒక పరిశోధన ఫెలోషిప్ పెట్టండి. అందులో సగం నేత పనివాళ్లకే ఇవ్వండి. నేను అడిగేది ఇదే.

నేను మగ్గాలున్న ఇంట్లో పుట్టి, కాలేజీలో చరిత్ర పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి. నూలు సబ్సిడీ, పింఛను, బీమా, రుణమాఫీ ఎలా నడుస్తున్నాయో మీకు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఆ గొడవ ఇక్కడ ఎత్తను. నేతగాడి కడుపు నింపే పద్దులు తక్కువో ఎక్కువో ఉన్నాయి. అతనికి తెలిసిన విద్యను అతని చేతే చెప్పించి రాసిపెట్టే పద్దు మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.

ఆ విద్య ఎలాంటిదో తేలియా సంగతే చూడండి. ఆముదం కాయల తొక్కలు కాల్చి, బూడిద నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు వంచుకుంటారు. అందులో నూనె కలిపి, నూలు చిలపలను ముంచి, పిసికి, ఎండలో ఆరేస్తారు. మర్నాడు మళ్లీ అదే పని. ఇలా రెండు మూడు వారాలు సాగాకే ఆ నూలు ఎర్ర రంగును గట్టిగా పట్టుకుంటుంది. ఉతికినా నూనె వాసన ఓ పట్టాన పోదు, తేలియా అనే పేరూ అందుకే. బూడిద ఘాటు ఎంత ఉండాలి? మబ్బు పట్టిన రోజున ఏం చేయాలి? నూలు 'ఇక చాలు' అన్నట్టు చేతికి ఎలా తెలుస్తుంది? జీఐ పత్రాల్లో తయారీ విధానం అని ఒక భాగం ఉంటుంది. దాన్ని మాత్రమే చదివి ఎవరైనా ఒక్క చిలప తయారుచేసి చూపిస్తే నేను ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను.

మన బట్టల గురించి రాసినవాళ్లు లేరని కాదు. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ పాదరీ కోరమాండల్ తీరం నుంచి తన దేశానికి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. తెలుగు బాగా వచ్చినవాడు, తెలుగు నిఘంటువు పని కూడా చేసినవాడు. అద్దకం పనివాళ్లను అడిగి తెలుసుకుని, గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచడం దగ్గర నుంచి చిరివేరుతో ఎరుపు తెప్పించడం దాకా వరసగా వివరించాడు. ఆ రంగుల గుట్టు కోసం యూరప్ అద్దకం కార్ఖానాలు అప్పటికే వెతుకుతున్నాయి. ఇవాళ శ్రీకాళహస్తిలో కలంకారీకి గుడ్డ తయారుచేస్తున్న మనిషి దగ్గర కూర్చుంటే ఆ పాలు, ఆ కరక్కాయ అలాగే కనిపిస్తాయి. కూర్దూ పేరు చరిత్రలో నిలిచింది. ఆయనకు చెప్పినవాళ్ల పేర్లు నిలవలేదు.

ఆ తర్వాత 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే బ్రిటిష్ అధికారి దేశమంతటి నుంచి సేకరించిన బట్టల్లోంచి 700 ముక్కలు కత్తిరించి, 18 సంపుటాలుగా అతికించాడు. అలాంటి సెట్లు 20 తయారుచేస్తే 13 బ్రిటన్‌లో ఉంచి, 7 ఇండియాకు పంపారు. మన జనం ఏం కడతారో చూసి అక్కడి మిల్లులు అదే నేసి మనకు అమ్ముకోవాలన్నది ఆలోచన. పరిశోధన అంటే చాలు, మంచిదే అనుకునేవాళ్లకు ఈ సంగతి గుర్తుచేయాలి. ఎవరి కోసం, ఎవరి డబ్బుతో, ఎవరి పేరు మీద అన్నది మొదటే తేల్చుకోకపోతే నష్టం ఎవరికో మన ఊళ్లు ఇప్పటికే చూశాయి. మచిలీపట్నం రేవు నుంచి పోయిన అద్దకం బట్టలు చూడాలన్నా ఇవాళ లండన్ మ్యూజియంకో, టొరంటో మ్యూజియంకో పోవాలి. పెడనలో అచ్చులు చెక్కే కుర్రాడు తన ముత్తాతల పనిని ఫోన్‌లో జూమ్ చేసి చూసుకోవాల్సిందే.

ఇప్పుడున్న ఫెలోషిప్‌ల సంగతి. కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే జూనియర్ ఫెలోషిప్ నెలకు 10 వేలు, సీనియర్ 20 వేలు, రెండేళ్లపాటు. దానికి డిగ్రీ ఉండాలి. పరిశోధక విద్యార్థులకు ఇచ్చే యూజీసీ జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37 వేలు, దానికి పీజీ లేదా నాలుగేళ్ల డిగ్రీ, పైగా నెట్ పరీక్ష. టాగోర్ పేరు మీద ఇచ్చే జాతీయ ఫెలోషిప్ 80 వేలు. అది మ్యూజియాల్లో, గ్రంథాలయాల్లో ఉన్న సేకరణల మీద పనిచేసే పండితుల కోసం. ఇవేవీ చెడ్డవి కావు. కానీ పదో తరగతి దాకా చదివి, నలభై ఏళ్లు చిటికీ (రంగు అంటకుండా నూలుకు వేసే ముడులు) కట్టిన మనిషికి వీటిలో ఒక్కదానికీ దరఖాస్తు చేసే దారి లేదు. తెలిసినవాడు అప్లై చేయలేడు, అప్లై చేయగలిగినవాడికి తెలియదు. పైగా రెండోవాడు వచ్చి మొదటివాడి గుమ్మంలో కూర్చుని, రెండు గంటలు రికార్డు చేసుకుని, టీ తాగి వెళ్తాడు. నేత పని రోజుకూలి కాదు, పీసు లెక్క. ఆ రెండు గంటలకు నేతగాడికి ఎవరూ లెక్క కట్టరు. ఒక పడుగు మీద ఏడెనిమిది చీరలు దిగాలి. అది ఆలస్యమైతే నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్‌తో మాట పడాల్సిందీ అతనే.

నేనూ ఒకచోట ఒక పరిశోధన పథకానికి దరఖాస్తు పెట్టాను, మా ఊరి పెద్దాయన్ని సహ పరిశోధకుడిగా చూపించి. ఫారంలో ఆయన పేరుకు ఎదురుగా విద్యార్హత గడి ఖాళీగా ఉందని వెనక్కి పంపారు. 'ఆయన్ని ఇన్‌ఫార్మెంట్ (సమాచారం చెప్పే మనిషి) అని పెట్టండి, సరిపోతుంది' అని ఫోన్‌లో సలహా. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అందుకని నా ప్రతిపాదన జంట ఫెలోషిప్. ఒక పరిశోధకుడు, ఒక పనివాడు. ఇద్దరి పేర్లూ ఒకే ఉత్తర్వులో, ఇద్దరి ఖాతాలకూ ప్రతి నెలా డబ్బు. పరిశోధకుడికి 35 వేలు, పనివాడికి 25 వేలు అనుకుందాం. ఆయన మగ్గం మానేయక్కర్లేదు, చెప్పడానికి, చేసి చూపించడానికి పోయే రోజులకు ఇది బదులు. 20 జంటలకు నెలకు 12 లక్షలు, ఏడాదికి కోటీ 44 లక్షలు. నమూనాలకు నూలు, ప్రయాణాలు, కెమెరా కలుపుకుని రెండు కోట్లు అనుకున్నా, ఒక్కో రాష్ట్రం మీద పడేది కోటి రూపాయలు. చేనేత దినోత్సవం నాడు రెండు రాష్ట్రాల్లో కట్టే ఫ్లెక్సీల ఖర్చు ఎవరైనా లెక్క తీస్తే బాగుండు.

కాలం ఏడాదిన్నరకు తగ్గకూడదు. పరిశోధకులు సాధారణంగా చలికాలంలో వస్తారు, ఎండ ఉండదు, ఫొటోలు బాగా వస్తాయి. వానాకాలంలో గుంట మగ్గం గుంతలో నీళ్లు ఊరతాయి. గంజి పెట్టిన పడుగు వీధిలో సాగదీసి ఆరబెట్టడానికి ఎండ దొరకదు. నూలు బిగుస్తుంది, రంగు తేడా కొడుతుంది. పని ఆగిపోయే ఆ రోజుల్లోనే నేతగాడి దగ్గర టైముంటుంది, పాత సంగతులు బయటికొస్తాయి. ఒక వానాకాలం దాటకుండా నేత గురించి రాసిన రిపోర్టును నేనైతే సగం రిపోర్టే అంటాను.

పనివాడు అన్నాను గానీ, ఆ పనివాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. 2019-20 అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో నేతగాళ్లు, అనుబంధ పనివాళ్లు కలిపి 35.22 లక్షలు, అందులో 72 శాతం మహిళలు. సన్మానాల ఫొటోల్లో వాళ్లు ఏ శాతం ఉంటారో మీకే తెలుసు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేసేది ఆడవాళ్లే. ఆ సన్న ఖద్దరు నాణ్యత అక్కడే మొదలవుతుంది. పోచంపల్లి చీర కోసం ఆసు పోయడానికి (మేకుల చుట్టూ నూలు చుట్టడానికి) ఒక్కో చీరకు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకనే ఆలేరు వైపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం రాకముందు ఆ పని ఎలా ఉండేది, ఏ డిజైన్‌కు చెయ్యి ఎలా తిరిగేది అన్నది ఆ తరం ఆడవాళ్లకే తెలుసు, వాళ్లు ముసలివాళ్లవుతున్నారు. జంటల్లో సగమైనా మహిళలకు ఉండాలి. కండెలు చుట్టే ఆవిడా, రంగులు వేసే ఆవిడా నేత గుర్తింపు కార్డు లేదన్న కారణంతో ఆగిపోకూడదు.

దరఖాస్తు తెలుగులో ఉండాలి. రాయలేనివాళ్లు ఫోన్‌లో మాట్లాడి వీడియో పంపితే తీసుకోవాలి. ఎంపిక కమిటీలో ప్రొఫెసర్లు ఎందరో నేతగాళ్లూ అందరే కూర్చోవాలి. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి, కానీ పథకాలు చచ్చిపోయేది ఇక్కడే.

ఒక్క విషయంలో మాత్రం తొందర వద్దు. రికార్డు చేసిందంతా వెబ్‌సైట్‌లో పెట్టేస్తామని అధికారులు ఉత్సాహపడతారు. చిటికీ కట్టి నేసే ఇక్కత్ డిజైన్ కంప్యూటర్‌లోకి ఎక్కిన వారంలో దాన్ని మిల్లు గుడ్డ మీద ప్రింటు కొట్టి, అసలు ధరలో పదో వంతుకు అమ్మేవాళ్లున్నారు. పోచంపల్లికి జీఐ ఉన్నా ఆ ప్రింట్లు మార్కెట్లో ఆగలేదు. కొన్ని ఇళ్లలో రంగు కొలత పక్కింటివాళ్లకు కూడా చెప్పరు, అది వాళ్ల హక్కు. ఏది బయటపెట్టాలి, ఏది దాచాలి అన్నది చెప్పిన మనిషి నిర్ణయించాలి. దాచమన్నది సొసైటీ దగ్గరో, కుటుంబం దగ్గరో తాళంలో ఉండాలి. మిగతాది తెలుగులో అచ్చేసి మొదటి ప్రతి ఆ ఊరి బడికి ఇవ్వాలి.

ఇంత చేస్తే ప్రభుత్వానికి ఏం ఒరుగుతుందని మీ ఆర్థిక శాఖ అడుగుతుంది. జీఐ దరఖాస్తులో ఆ వస్తువు ఎక్కడ, ఎప్పటి నుంచి తయారవుతోందో చారిత్రక ఆధారాలు చూపించాలి. ఇప్పుడు ఆ భాగం నింపడానికి గెజెటీర్లలో రెండు వాక్యాలు వెతుక్కుంటున్నాం. రేపు నకిలీల మీద కోర్టుకు వెళ్లినా అదే ఆధారం కావాలి.

కొత్త సంస్థ కూడా అక్కర్లేదు. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరు మీద చేనేత సాంకేతిక సంస్థ ఉంది. హైదరాబాద్‌లో 2024లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు మీద ఒకటి మొదలైంది. చేనేత కోసం బతికిన ఇద్దరు నాయకుల పేర్లు రెండు రాష్ట్రాల గుమ్మాల మీద ఉన్నాయి. చెరో పది జంటలను వాటికి అప్పగించండి. ఒక రాష్ట్రం ఫెలో రెండో రాష్ట్రంలో తిరగడానికి మరో అనుమతి అడగకుండా ఒక ఒప్పందం రాసుకోండి.

2020లో కేంద్రం అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. అది చేసింది ఎంత, చేయనిది ఎంత అన్న వాదన పక్కన పెడితే, నేతగాడు కుర్చీలో కూర్చుని మాట్లాడే చోట్లలో ఒకటి తగ్గింది. మీ చేతిలో ఉన్నంతలో ఒకటి పెంచండి. చేనేత దినోత్సవమైన ఆగస్టు 7 లోపు విధివిధానాల ముసాయిదా తెలుగులో విడుదల చేసి, అభిప్రాయాలకు ఒక నెల గడువు ఇవ్వండి. చిరునామాలు దొరకవన్న ఇబ్బంది ఉంటే, మా జిల్లాలో చెప్పగలిగినవాళ్ల జాబితా వాళ్ల అనుమతితో నేనే పంపుతాను.

ఇట్లు,
ఒక చరిత్ర అధ్యాపకుడు