చర్చి గోడల మరమ్మతు: సిమెంటు వద్దు

సభ్యులందరికీ వందనాలు. పాత చర్చి గోడలు పెచ్చులూడుతుంటే ఏం చేయాలని అడుగుతున్నవారికి ఒకేచోట చెబుతున్నాం.

ముందు నీరెక్కడి నుంచి వస్తోందో చూడండి. చూరు గొట్టం పూడుకుపోయినా, బయటి నేల లోపలి నేలకంటే ఎత్తుగా ఉన్నా గోడ చెమ్మెక్కుతుంది. అది ఆపకుండా పూత వేస్తే డబ్బు దండగ.

సున్నంతో కట్టిన గోడలో చెమ్మ అతుకుల గుండా, అంటే ఇటుకల మధ్య సున్నం నింపిన సందుల గుండా, బయటికి పోతుంది. పైన సిమెంటు కొడితే ఆ దారి మూసుకుపోతుంది. నీరు ఇటుకలోకి మళ్లి, ఉప్పు గడ్డకట్టి, ఇటుక ముఖమే రాలిపోతుంది. అతుకు పోతే మళ్లీ నింపొచ్చు, ఇటుక పోతే పోయినట్టే.

అతుకుల్లో పాడైన సున్నాన్ని ఉలితోనే తీయించండి, గ్రైండర్ ఇటుక అంచులు కోసేస్తుంది. 10 మి.మీ. అతుకైతే కనీసం 20 మి.మీ. లోతు తీయాలి. దుమ్ము దులిపి, తడిపి, ఒక పాలు సున్నం, మూడు పాళ్లు జల్లెడ పట్టిన ఇసుక కలిపి గట్టిగా కూరాలి. తడి గోనెపట్టాలు కనీసం వారం ఉంచాలి. ఎండకు గబగబా ఆరితే వేలితో గీకినా పొడి రాలుతుంది. మేస్త్రీలు తొందరపెట్టేది ఇక్కడే!

శిలాఫలకాలకు యాసిడ్, ఇనుప బ్రష్ తగలనివ్వకండి. వాటిమీది శంకుస్థాపన సంవత్సరం, ప్రతిష్ఠ సంవత్సరం ఒకటే కానక్కర్లేదు. చరిత్ర రాసేవారు చర్చి రిజిస్టర్లతో పోల్చుకోండి. ఆ రిజిస్టర్లలో చిరిగిన పుటలకు సెల్లోటేప్, లామినేషన్ రెండూ వద్దు.